కూకట్‌పల్లికి కొట్టుకొచ్చిన తిమింగలం

హైదరాబాద్‌కి సముద్రం లేదన్నది పాత మాట. సముద్రం ఉండాలంటే నీళ్లే కావాలా, నిపుణులుంటే చాలదా? నాలుగో అంతస్తు అంకుల్ వీకెండ్‌కి సూర్యలంక వెళ్లి, ఒడ్డున దొరికిన కొబ్బరికాయంత బూడిదరంగు ముద్దని డిక్కీలో వేసుకొచ్చిన రాత్రే మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకొక సముద్ర శాస్త్రవేత్త పుట్టుకొచ్చాడు.

ముద్ద అంబర్‌గ్రిసేనని, అంటే సెంట్లలో వాడే ఖరీదైన తిమింగలం సరుకేనని, వాట్సాప్ గ్రూపులో పది నిమిషాల్లో తేలిపోయింది. ఆధారం, వాసన అదోలా ఉండటం. ఇక ఎన్ని కోట్లు పలుకుతుందన్న దాని మీదే అర్ధరాత్రి దాకా చర్చ. కారు పెట్టింది కామన్ ఏరియాలో కాబట్టి ముద్దలో అందరికీ అన్‌డివైడెడ్ షేర్ ఉంటుందని రెండో అంతస్తు లాయర్ గారు మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్‌కి వచ్చినన్ని లైకులు సంక్రాంతి శుభాకాంక్షలకి కూడా రాలేదు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్పెర్మ్ వేల్ అనే తిమింగలానికి ప్రధాన ఆహారం స్క్విడ్. స్క్విడ్ నోట్లో చిలకముక్కులాంటి గట్టి ముక్కు ఉంటుంది, అది అరగదు. ఏ కొద్ది తిమింగలాలకో పేగుల్లో ఆ ముక్కుల చుట్టూ మైనంలాంటి పదార్థం పేరుకుంటుంది. అదే అంబర్‌గ్రిస్. బయటపడ్డ కొత్తలో నల్లగా, కంపుగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నాని, ఎండకి ఎండి, రంగు తేలాక గానీ సువాసన రాదు. టీవీల వాళ్లు వాంతి అంటారు గానీ, అది వెనకదారినే వస్తుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఈ సంగతి తెలిశాక ముద్ద డైనింగ్ టేబుల్ మీంచి బాల్కనీలోకి మారింది. కోట్లు కోట్లే, మడి మడే.

మర్నాడు సూది పరీక్ష. కాల్చిన సూది గుచ్చితే అసలు సరుకు చిక్కటి నల్లటి ద్రవంగా కరిగి, వేలికి తీగలు సాగుతుంది. ఆంటీ గారి గ్యాస్ స్టవ్ మీద, ఆంటీ గారి బొంత సూదినే ఎర్రగా కాల్చి గుచ్చారు. ముద్ద తేటగా కరిగి, జర్రున జారి బర్నర్ మీద పడింది. పొగ లేచింది. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు కళ్లు మూసుకుని "కస్తూరి" అన్నాడు. కస్తూరి ఎక్కడ చూశావు బాబూ అంటే, అగరుబత్తి పెట్టె మీద చూశానన్నాడు.

"ఏవండీ, ఇది మాడిన పామాయిల్ వాసన" అంది ఆంటీ. ఎవరూ పట్టించుకోలేదు. పాపం, ఆవిడకి వంటింట్లో ముప్పయ్యేళ్ల అనుభవమే తప్ప యూట్యూబ్‌లో ఏ అనుభవమూ లేదు. ఓడలు ట్యాంకులు కడిగి వదిలిన పామాయిల్ గడ్డలు బ్రిటన్ తీరాలకి కొట్టుకొస్తుంటాయనీ, కుక్కల్ని వాటి దగ్గరికి పోనివ్వొద్దని అక్కడ హెచ్చరిస్తారనీ నేను చెప్పబోయాను. కాకినాడ రేవుకి పామాయిల్ దిగుమతి అవుతుందని కూడా అన్నాను. నాకు షేర్ ఇవ్వకూడదని తీర్మానించారు.

చార్మినార్ దగ్గర అత్తరు కొట్టాయన చిటికెడు వాసన చూసి, "మోమ్‌బత్తీ చేసుకోండి సాబ్" అని తిరిగిచ్చేశాడు. రేటు తగ్గించడానికే అలా అన్నాడని మావాళ్ల విశ్లేషణ. ఇప్పుడు చాలా సెంట్లలో ఆ వాసన కోసం వాడేది ఆంబ్రాక్సన్ అనీ, దాన్ని క్లేరీ సేజ్ అనే మొక్క సరుకుతో చేస్తారనీ తెలిసినా మావాళ్ల తిమింగలం ధర రూపాయి దిగలేదు.

ఇంతలో లాయర్ గారే బాంబు పేల్చారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో స్పెర్మ్ వేల్ మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి పక్కన. అంబర్‌గ్రిస్ ఇంట్లో పెట్టుకున్నా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. అంటే ముద్ద అసలైతే చర్లపల్లి, నకిలీ అయితే కూకట్‌పల్లి. అయినా అసలైనదే కావాలని సత్యనారాయణ వ్రతం మొక్కుకున్న మొదటి నగరం మనదే అయ్యుండాలి. అన్‌డివైడెడ్ షేర్ మెసేజ్‌ని మాత్రం లాయర్ గారు ఆ రాత్రే డిలీట్ చేసేశారు.

అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది. అటవీ శాఖ పంపిన ముక్క ఏ జంతువుదో డీఎన్‌ఏ చూసి చెప్తారు. అటవీ శాఖకి అప్పగిస్తే సరిపోతుంది కదా అంటే ఒక్కరూ కదల్లేదు. నిజం తేలితే పోయేవి కోట్లు, తేలకపోతే ఉండేవీ కోట్లే. ప్రీ-లాంచ్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్లకి ఈ లెక్క ఒకరు నేర్పక్కర్లేదు.

చివరికి జైలు భయంతో ముద్దని సెల్లార్‌లో వదిలేశారు. వాచ్‌మన్ కాస్త గిల్లి గేటు బందులకి రాస్తే, ఏళ్ల తరబడి కిర్రుమంటున్న గేటు నోరు మూసుకుంది. కోట్ల విలువైన సరుకు పూసిన గేటని సెక్రటరీ గారు ఇప్పుడు దానికి సీసీ కెమెరా పెట్టిస్తున్నారు. ఖర్చు వచ్చే నెల మెయింటెనెన్స్‌లో కలుపుతారట.