తిట్లు మనవే!

"మదరాసు మనదే" అని మన పెద్దలు గొంతులు చించుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మదరాసు రాలేదు. ఊరు పోతే పోయింది, ఊళ్ళో తిట్లయినా మనవేనని టి. నగర్ పానగల్ పార్కు బెంచీల మీది తెలుగు మేధావులు ఇన్నాళ్ళకు తేల్చారు. (పార్కు పేరు కూడా మన రాజాగారిదే.) ఈ పోరాటానికి నా సంపూర్ణ మద్దతు.

ఆధారాలకు కొదవా? చెన్నై బస్తీల్లో తండ్రిని 'నైనా' అంటారు. అది మన నాయనే. యకారం అరిగింది తప్ప మనిషి మారలేదు. ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా "ఇన్నా నైనా" (ఏం నాయనా) అని పలకరిస్తారు. ఇంతమంది నాయనలున్న ఊరు మనది కాకుండా ఎలా పోతుంది?

డబ్బును 'దుట్టు' అంటారు. మన దుడ్డే! కాకపోతే ఇక్కడో చిక్కుంది. డచ్చివాళ్ళ 'డ్యుట్' అనే రాగినాణెమే దీనికి మూలమని కొందరు పండితుల అనుమానం. వాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే పక్కనున్న పులికాట్‌లో కోట కట్టుకున్నారు మరి. ఆ అంశం వాయిదా వేశాం.

రోడ్డుకు అడ్డమొచ్చినవాణ్ణి ఆటోవాలా "సావుగిరాక్కీ!" అంటాడు. చావూ మనదే, గిరాకీ మనదే, బండి కింద పడబోయినవాడూ తరచు మనవాడే. చావు తమదీ అని తమిళ మిత్రులు గొణిగారు. చావులో వాటాలేమిటని ఊరుకున్నాం.

కోపం ఇంకాస్త ముదిరితే "కస్మాలం!" అంటాడు. వీధి తిట్టని ముక్కు మూసుకునేవాళ్ళు భగవద్గీత రెండో అధ్యాయం తెరవాలి. విల్లు పడేసి కూర్చున్న అర్జునుణ్ణి కృష్ణుడు మందలించడం మొదలుపెట్టిందే "కుతస్త్వా కశ్మలమిదం" (ఈ మకిలి నీకెక్కణ్ణుంచి వచ్చింది) అని. రథం తోలేవాడి నోట పుట్టిన మందలింపు ఆటో తోలేవాడి నోటికి చేరింది. వృత్తి ధర్మం ఎక్కడా చెడలేదు. ఆయన మీటరు మీద పైన అడగలేదు, అంతే తేడా.

గలీజు, బేజారు ఫార్సీ దారిన వచ్చినవి కాబట్టి హైదరాబాదు శాఖకు బదిలీ చేశాం.

మిగిలింది 'ఓసీ'. ఇక్కడ ఓసీ అంటే ఉచితం. ఈస్టిండియా కంపెనీ పనిమీద వెళ్ళే ఉత్తరాలకు తపాలా కూలి ఉండేది కాదనీ, వాటిమీది 'ఆన్ కంపెనీ సర్వీస్' అనే ముద్రలోంచే ఈ మాట వచ్చిందనీ చెప్పుకుంటారు. ఆంధ్రా నుంచి కొత్తగా దిగిన కుర్రాణ్ణి "ఓసీలో భోజనం, వస్తావా?" అని అడిగితే రిజర్వేషన్ గొడవ అనుకుని ఆవేశపడిపోతాడు.

ఈ మాటలన్నిటికీ అద్దె వసూలు చేయాలని తీర్మానం రాశాం. టైపు చేయించే ఖర్చెవరిదన్న దగ్గర సభ ఆగింది. ఆ విషయంలో మాత్రం సభ్యులందరూ ఓసీలే.