ఐరిష్ చిత్రాల వేలం: పెరిగిన ధరలో గీసినవాడి వాటా ఎంత?

చాలా ఏళ్లుగా డబ్లిన్‌లో ఉంటూ, వీలైనప్పుడు వేలంలో చిన్న చిన్న ఐరిష్ చిత్రాలు కొనుక్కునే మావయ్య ఒక పక్క. అదే ఊళ్లో కళాచరిత్ర చదువుతున్న మేనకోడలు ఇంకో పక్క. ఐరిష్ కళ నిలబడిందే వేలంపాట వల్ల అంటాడాయన. ఆ పాటలో గీసినవాళ్లకు దక్కింది చాలా తక్కువ అంటుంది ఆ అమ్మాయి. నా మొగ్గు మేనకోడలి వైపే, దాచను. అయినా మావయ్య మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి కాబట్టి ఆయన్ని పూర్తిగా మాట్లాడనిస్తున్నాను.

మావయ్య: వేలం అనేది లేకపోతే ఒక ఐరిష్ చిత్రం ఎంత చేస్తుందో మనలాంటి వాళ్లకు తెలిసే దారే లేదమ్మా. గ్యాలరీలో ధర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండొచ్చు. వేలంలో అందరి ముందే పాట పాడాలి, పాట ముగిసిందని అందరి ముందే సుత్తి పడాలి. 2019 నవంబరులో డబ్లిన్‌లో వైట్స్ అనే వేలం సంస్థ వేసిన వేలంలో ఐరిష్ చిత్రకారుడు జాక్ యేట్స్ చిత్రం 'రెవరీ' 14 లక్షల యూరోలు పలికింది. ఒకప్పుడు ఐరిష్ చిత్రానికి మంచి ధర రావాలంటే లండన్ పంపాల్సిందే అనుకునేవాళ్లు. ఆ ధర డబ్లిన్‌లోనే వచ్చింది. ఇది చిన్న విషయమా?

మేనకోడలు: చిన్నదని నేననను. కానీ ఆ చిత్రం ఎవరి సేకరణలోంచి వచ్చిందో కూడా చెప్పాలిగా మావయ్యా. ఎర్నీ ఒమాలీ సేకరణ అది. ఐర్లాండ్ స్వాతంత్ర్య యుద్ధంలో తుపాకీ పట్టిన మనిషి, యేట్స్‌కు స్నేహితుడు. ఆయన బొమ్మలు కొన్నది రేపు రేటు పెరుగుతుందని కాదు, ఆ బొమ్మలంటే ప్రాణం కాబట్టి. ఆ ఇద్దరూ 1957 మార్చిలో మూడు రోజుల తేడాతో పోయారు. 14 లక్షలు పలికేసరికి గీసినాయనా లేడు, ప్రేమతో కొన్నాయనా లేడు.

మావయ్య: చనిపోయాక ధర పెరగడం వేలం చేసిన తప్పా? బతికుండగానే పెరిగినవాళ్లూ ఉన్నారు. లూయీ లె బ్రాకీ సంగతే తీసుకో. 2000లో లండన్ సోథ్‌బీస్ వేలంలో ఆయన చిత్రం 'ట్రావెలింగ్ వుమన్ విత్ న్యూస్‌పేపర్' 11 లక్షల పౌండ్లు దాటింది. అప్పటికి ఆయన నిక్షేపంగా ఉన్నాడు, 2012 దాకా బతికాడు. బతికుండగానే పది లక్షల పౌండ్ల గీత దాటినవాళ్లు ఆ రోజుల్లో బ్రిటన్, ఐర్లాండ్ కలిపినా కొద్దిమందే.

మేనకోడలు: ఆ డబ్బులో చట్టం ప్రకారం ఆయనకు రావలసింది ఎంతో తెలుసా? ఏమీ లేదు. చిత్రం చేతులు మారినప్పుడల్లా గీసినవాళ్లకు కొంత వాటా ఇవ్వాలన్న యూరప్ నిబంధన ఐర్లాండ్‌లోనూ బ్రిటన్‌లోనూ అమల్లోకి వచ్చింది 2006లో. అంతకు ముందు అమ్మినవాళ్లు, వేలం సంస్థ, మధ్యవర్తి అందరూ పంచుకున్నారు. ఎనభై దాటిన చిత్రకారుడు పేపర్లో చదివి తెలుసుకోవాలి, అంతే. ఐర్లాండ్‌లో ఆ చట్టం కూడా ఊరికే రాలేదు. ఆలస్యం చేస్తున్నారని రాబర్ట్ బాలా అనే చిత్రకారుడు ప్రభుత్వం మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది.

మావయ్య: ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. మన ఊళ్లో ఒక రైతు పొలం అమ్ముకున్నాడు. ఇరవై ఏళ్లకు ఆ పక్కనుంచి రోడ్డు పడి ఎకరం కోట్లకు వెళ్లింది. పాత రైతు వచ్చి నాకూ వాటా ఇవ్వండి అంటే కొన్నవాడు ఊరుకుంటాడా? అమ్మిన రోజున నష్టాన్నీ లాభాన్నీ కలిపే అమ్మాడు కదా.

మేనకోడలు: పొలం రేటు పెంచింది రోడ్డు మావయ్యా, రైతు కాదు. లె బ్రాకీ 1940ల్లో గీసిన బొమ్మకు 2000లో ఆ ధర రావడానికి కారణం ఆ మధ్య యాభై ఏళ్లూ ఆయన గీస్తూనే ఉండటం. పేరు నిలబెట్టుకున్నది ఆయన, ఒక్కో దశలో తనను తాను మార్చుకుంటూ వచ్చిందీ ఆయనే. తర్వాతి పని వల్ల ముందటి పనికి విలువ పెరిగింది. ఆ రోడ్డు వేసింది రైతే అనుకోండి, అప్పుడు వాటా అడిగితే తప్పంటారా?

(ఇక్కడ మావయ్య దగ్గర నేరుగా జవాబు లేదు. నా దృష్టిలో ఈ వాదం మొత్తానికి ఇదే గుండెకాయ.)

మావయ్య: సరే, ఆయన సంగతే ఇంకోటి చెప్తా. 1951లో ఆయన గీసిన 'ఎ ఫ్యామిలీ'ని కొందరు అభిమానులు డబ్బు పోగేసి డబ్లిన్ మున్సిపల్ గ్యాలరీకి ఊరికే ఇస్తామన్నారు. 1952లో గ్యాలరీ సలహా సంఘం వద్దంది. అదే బొమ్మ 1956లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో బహుమతి తెచ్చుకుని ఇటలీలో ఉండిపోయింది. దాన్ని తిరిగి తెచ్చింది ఏ కమిటీ? ఏదీ కాదు. లాక్లన్ క్విన్ అనే వ్యాపారవేత్త కొని 2002లో ఐర్లాండ్ నేషనల్ గ్యాలరీకి ఇచ్చాడు. కమిటీలు కాదన్నదాన్ని మార్కెట్ కాపాడింది.

మేనకోడలు: కమిటీ తప్పు చేసిందన్నది నిజం. కానీ క్విన్ దాన్ని వేలంలో కొనలేదు, డీలర్ ద్వారా కొన్నాడు. అదీ దాదాపు 17 లక్షల పౌండ్లు పెట్టి. ఊరికే వస్తానన్న బొమ్మకు అంత పెట్టాల్సి వచ్చింది.

మావయ్య: ఆ ధరకు కొలబద్ద ఎక్కణ్నుంచి వచ్చింది? రెండేళ్ల ముందు జరిగిన వేలం నుంచే. పైగా ఇలాంటి దానాలకు ఇక్కడ పన్ను రాయితీ ఉంది. వారసత్వ సంపద అనదగ్గ వస్తువును ప్రభుత్వ సంస్థకు ఇస్తే, ఇప్పటి నిబంధన ప్రకారం దాని విలువలో 80 శాతం పన్నులో తగ్గిస్తారు. విలువ ఎంతో తేల్చాలంటే బజారు ధర ఉండాలి. వేలాలు లేకపోతే ఆ లెక్క గాల్లో వేయాలి.

మేనకోడలు: అంటే కొన్నాయన పేరు గోడ మీద ఉంటుంది, ఖర్చులో పెద్ద భాగం ఖజానా మోస్తుంది. బొమ్మ జనానికి దక్కుతుంది కాబట్టి దానికి నేను అడ్డు చెప్పను. కానీ అన్నీ అలా దక్కవు. 2017 సెప్టెంబరులో యేట్స్ కుటుంబం దగ్గర మిగిలిన వస్తువులు లండన్‌లో సోథ్‌బీస్ వేలానికి వెళ్లాయి. కవి యేట్స్, చిత్రకారుడైన తమ్ముడు జాక్, వాళ్ల నాన్న జాన్ బట్లర్ యేట్స్ గీసిన బొమ్మలు, ఇంట్లో వాడుకున్న సామాన్లు. దేశం దాటనివ్వొద్దని ఐర్లాండ్‌లో ఎంత గొడవ జరిగింది! ప్రభుత్వం కొన్ని కొనగలిగింది. మిగతావి తలో దిక్కూ పోయాయి.

మావయ్య: ఆ కుటుంబం అంతకు ముందే ఎంతో ఊరికే ఇచ్చింది. జాక్ స్కెచ్ పుస్తకాలను ఆయన అన్న కూతురు ఆన్ యేట్స్ 1996లో నేషనల్ గ్యాలరీకి ఇచ్చేసింది. మిగిలిన కొన్నింటిని అమ్ముకుంటే తప్పుపట్టడం నాకు నచ్చదు. ఇల్లు వాళ్లది, ఖర్చులూ వాళ్లవి.

మేనకోడలు: వాళ్లను నేనూ తప్పుపట్టను. ముందే కూర్చుని మాట్లాడి కొనే ఏర్పాటు దేశానికి లేకపోవడం నా బాధ. ఉంటే ఎలా ఉంటుందో 2012లో చూశాం. ఏఐబీ బ్యాంకు 39 చిత్రాలను ప్రభుత్వానికి అప్పగిస్తే అవి కార్క్‌లో క్రాఫోర్డ్ గ్యాలరీకి చేరాయి. ఎవరూ పాట పాడలేదు.

మావయ్య: ఆ బ్యాంకును నిలబెట్టింది జనం డబ్బే, ఇవ్వక ఏం చేస్తుంది? ఇక మామూలు మనుషుల సంగతికి రా. కోటీశ్వరుల గొడవ వదిలెయ్. నాలాంటి వాడు రెండు వేల యూరోలతో ఒక అసలైన చిత్రాన్ని ఇంటికి తెచ్చుకోగలిగేది వేలంలోనే. ముందు రోజుల్లో వెళ్లి దగ్గరగా చూడొచ్చు, ఫ్రేము వెనక ఏ పాత లేబుళ్లు ఉన్నాయో చూడొచ్చు, చిత్రం పరిస్థితి మీద రిపోర్టు అడగొచ్చు, ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉందో అడగొచ్చు. ఎస్టిమేట్, అంటే ఎంత పలకొచ్చన్న అంచనా, ముందే అచ్చులో ఉంటుంది. నచ్చకపోతే చెయ్యెత్తకుండా వచ్చేస్తాను.

మేనకోడలు: చెయ్యెత్తితే ఎంతవుతుందో కూడా చెప్పండి. సుత్తి పడిన ధర మీద కొనేవాళ్ల కమిషన్ ఉంటుంది. అది 20 శాతమో, అంతకన్నా ఎక్కువో. ఆ కమిషన్ మీద వ్యాట్. కొత్తగా వెళ్లినవాళ్లు రెండు వేలకు పాట ఆపి, బిల్లు రెండున్నర వేల దరిదాపుల్లో వచ్చేసరికి టెన్షన్ పడతారు. అటు అమ్మేవాళ్ల దగ్గరా కమిషన్ తీసుకుంటారు. ధర అందరి ముందే పలుకుతుందన్నారు, నిజమే. కానీ రిజర్వ్ ధర, అంటే అంతకు తక్కువైతే అమ్మబోమన్న గీత, మనకు చెప్పరు.

మావయ్య: సంస్థకు కేటలాగు ఖర్చు, నిపుణుల ఖర్చు, హాలు ఖర్చు ఉండవా? 2008 తర్వాత ఐర్లాండ్ కుప్పకూలినప్పుడు ధరలు ఎలా పడ్డాయో నేను కళ్లారా చూశాను. లండన్ పెద్ద సంస్థలు ఐరిష్ ప్రత్యేక వేలాలను కొంతకాలం పక్కన పెట్టేశాయి. ఇక్కడి వైట్స్, ఆడమ్స్, డి వెర్స్ వంటివి మాత్రం ఆ గడ్డురోజుల్లోనూ పాట ఆపలేదు. ఆ రోజుల్లో అవీ మూసేసి ఉంటే ఈ బొమ్మలు అటకల మీద మగ్గేవి.

మేనకోడలు: వాళ్ల కమిషన్ తీసేయమని నేననలేదు. పక్కన పెట్టి చూడమంటున్నాను. 14 లక్షల యూరోలకు పోయిన చిత్రం మీద, ధర పెరిగేకొద్దీ శాతం తగ్గే ఇప్పటి శ్రేణుల ప్రకారం గీసినవాళ్ల వాటా లెక్క కడితే వచ్చేది 11,000 యూరోలు. ఒక్క శాతం కూడా కాదు. ధర ఎంత పెరిగినా 12,500 దాటడానికి వీల్లేదు. కమిషన్ 20 శాతమే అనుకున్నా 2,80,000. ఈ తేడా చూశాక కూడా గీసినవాళ్లకు ఇచ్చేది ఎక్కువైపోతోందని ఎవరైనా అనగలరా?

మావయ్య: పెద్ద చిత్రాల దగ్గర నువ్వన్నది సబబే. కానీ ఆ వాటా వల్ల లాభపడేది ఎక్కువగా పేరున్నవాళ్లే, వాళ్ల వారసులే.

మేనకోడలు: అందుకే కింది గీత తగ్గించమంటున్నాను. ఐర్లాండ్‌లో 3,000 యూరోల లోపు అమ్మకానికి వాటా లేదు. మీరు ఇష్టంగా కొనే రెండు వేల బొమ్మలన్నీ అందులోనే పోతాయి. అదే బొమ్మ సరిహద్దు దాటి బెల్‌ఫాస్ట్‌లో వేలానికి వెళితే, అక్కడ చట్టం బ్రిటన్‌ది, గీత వెయ్యి పౌండ్లు. గీసినామెకు నాలుగు శాతం వస్తుంది. రైల్లో రెండు గంటల దూరం. ఒకే చిత్రం, ఒకే మనిషి. బెల్‌ఫాస్ట్‌లో డబ్బు వస్తుంది, డబ్లిన్‌లో రాదు.

మావయ్య: రెండు వేల మీద నాలుగు శాతమంటే ఎనభై యూరోలు. దాని కోసం ప్రతి చిన్న బొమ్మకూ కాగితాలు నింపి, చిరునామాలు వెతకాలంటే చిన్న సంస్థలు నలిగిపోతాయమ్మా.

మేనకోడలు: బెల్‌ఫాస్ట్‌లో చిన్న సంస్థలు నింపుతూనే ఉన్నాయి కదా. ఎనభై యూరోలంటే చిత్రకారిణికి కొన్ని ట్యూబుల రంగు, ఒక కాన్వాసు.

మావయ్య: సరే. డబ్లిన్‌లోనూ గీత వెయ్యికి దించితే నేను అడ్డుచెప్పను. కానీ ఆ భారం అమ్మేవాళ్ల మీదే ఉండాలి. చట్టంలో అలాగే ఉంది. దాన్ని తెచ్చి కొనేవాళ్ల బిల్లులో కలిపితే మాత్రం నేను ఒప్పుకోను.

మేనకోడలు: అక్కడ నేనూ మీ వైపే మావయ్యా.