సేకరించిన చేతికి సన్మానమెప్పుడు?

లోకంలో బొమ్మ గీసినవారికి బిరుదులున్నాయి, బహుమతులున్నాయి, అవేవీ దక్కకపోయినా ఎవరో ఒకరు వేదిక మీదికి పిలిచి కప్పే శాలువా అయినా ఉంది. అదే బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, తన హార్డ్ డిస్కులో భద్రపరచి, దానికి కొత్త పేరు పెట్టి, మరో ఆన్‌లైన్ గ్యాలరీలో పదిమంది కంటపడేలా నిలబెట్టే మనిషికి మాత్రం ఇంతవరకు ఒక్క పూలదండ వేసిన పాపాన ఎవరూ పోలేదు. ఈ అన్యాయాన్ని చర్చకు పెట్టవలసిన సమయం వచ్చిందని, 42,000 యానిమే చిత్రాలను, అంటే జపాన్ కార్టూన్ శైలి బొమ్మలను, పదమూడేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుతున్న వ్యక్తిగా నేను భావిస్తున్నాను. వాటిలో ఒక్కటి కూడా నేను గీయలేదని ముందే మనవి చేసుకుంటున్నాను, ఎందుకంటే ఈ విషయంపై మాట్లాడడానికి నాకున్న ప్రధాన అర్హత అదే. గీసినవాడికి తన బొమ్మ మీద సహజంగా పక్షపాతం ఉంటుంది. అన్ని బొమ్మలనూ సమదృష్టితో చూడగలిగినవాడు, ఏ ఒక్కటీ గీయనివాడే.

ఈ రంగంతో పరిచయం లేని పాఠకులకు కొంత పూర్వచరిత్ర చెప్పాలి. 2000 ఆగస్టులో డీవియంట్‌ఆర్ట్, 2007 సెప్టెంబరులో జపాన్‌లో పిక్సివ్ మొదలయ్యాయి. రెండూ గొప్ప గ్యాలరీలే, కాదనను. కాని రెండింటికీ ఒకటే చాదస్తం: బొమ్మ పెట్టేవాడే దాన్ని గీసినవాడై ఉండాలట. పెళ్ళిలో వడ్డించేవాడే వంట కూడా చేసి ఉండాలని పట్టుబట్టడం వంటిదిది. ఈ సంకుచిత దృష్టికి విరుగుడు పిక్సివ్ కంటే ముందే సిద్ధమైంది: 2005లో డాన్‌బూరు వచ్చింది. జపనీ భాషలో డాన్‌బోరు అంటే అట్టపెట్టె. ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఎవరి బొమ్మనైనా తెచ్చి ఆ పెట్టెలో వేయవచ్చు, బొమ్మలో ఏముందో చెప్పే చిన్న చిన్న గుర్తుమాటలు, అంటే ట్యాగులు, తనకు తోచినన్ని తగిలించవచ్చు. ఆ పద్ధతి ఎంత ప్రజాదరణ పొందిందంటే తరువాత పుట్టిన జెల్‌బూరు, సేఫ్‌బూరు వంటి గ్యాలరీలన్నీ 'బూరు' అన్న ముక్కను ఇంటిపేరులా ధరించాయి. అట్టపెట్టె పేరుతో ఒక వంశం వెలసిందంటే, సామాను కంటే పెట్టె గొప్పదని లోకం ఒప్పుకున్నట్టే కదా.

ట్యాగుల గురించి కొంచెం వివరంగా చెప్పకపోతే మా శ్రమ మీకు అర్థం కాదు. బొమ్మలో ఒక్క అమ్మాయే ఉంటే ఒక ట్యాగు, ఆమె జుట్టు పొడవైతే ఒకటి, ఆ జుట్టు నీలం రంగుదైతే మరొకటి, అందులో ఒక పాయ రెండు కళ్ళ మధ్యగా జారితే ఇంకొకటి, ఆమె చూసేవాడి వైపు చూస్తే ఒకటి, చూడకపోతే వేరొకటి. నడినెత్తిన ఒకే ఒక్క వెంట్రుకల పోగు లేచి నిలబడితే దానికి 'అహోగే' అని ప్రత్యేకమైన పేరుంది, అంటే వెర్రి వెంట్రుక అని అర్థం. రెండు కళ్ళూ రెండు రంగుల్లో ఉంటే ఏ ట్యాగు, కుడిచేయి నడుము మీద ఉంటే ఏ ట్యాగు, బూట్లు విప్పి పక్కన పెడితే ఏ ట్యాగు అన్నవాటి మీద పెద్దమనుషులు రోజుల తరబడి వాదించుకోగా నేను కళ్ళారా చూశాను. డాన్‌బూరు చిత్రాలను 2021 నాటికి ఒకచోట కూర్చిన సంకలనంలో 49 లక్షలకు పైగా బొమ్మలు, 16 కోట్లకు పైగా ట్యాగులు ఉన్నాయి. సగటున ఒక్కో బొమ్మకు ముప్పైకి పైగా విశేషణాలన్నమాట. మన ప్రబంధ కవులు నాయికను వర్ణించినప్పుడు కూడా ఇంత ఓపిక చూపలేదు.

ఇంత సూక్ష్మంగా చూసే కళ్ళకు బొమ్మ మూలన ఉన్న సంతకం ఎందుకు కనిపించదని మా అక్క కూతురు ఒకసారి అడిగింది. ఆ పిల్ల ఇంజినీరింగు చదువుతూ ట్యాబ్ మీద బొమ్మలు గీస్తుంటుంది కాబట్టి దాని ప్రశ్నలో కొంత స్వార్థం ఉంది. "మావయ్యా, ఈ బొమ్మ ఎవరు గీశారు?" అంటూ నా సంకలనంలోని 11,780వ చిత్రం చూపించింది. బొమ్మలోని అమ్మాయి కళ్ళు ఊదారంగువని, రిబ్బను ఎర్రదని, వెనక ఉన్నది సంధ్యాకాశమని ఓపికగా వివరించాను. "అది నాకూ కనిపిస్తోంది, గీసిందెవరు?" అని మళ్ళీ అడిగింది. దాని కింద స్పష్టంగా రాసి ఉన్నదాన్ని వేలితో చూపించాను: 'క్రెడిట్: గూగుల్.' ఇంతకంటే నిజాయతీగా ఎలా ఉండాలో నాకు తెలియదు.

నిజానికి ఈ విషయంలో డాన్‌బూరువారు కాస్త అతిగా పోతారు. గీసినవారి పేరుకు అక్కడ ప్రత్యేకమైన ట్యాగు ఉంది, మూలచిత్రం ఎక్కడిదో చూపే లంకె కూడా ఉంటుంది, తమ బొమ్మలు వద్దని చిత్రకారులు కోరితే తీసేస్తారు కూడా. ఇటువంటి అభ్యంతరకరమైన అలవాట్లు అదృష్టవశాత్తూ దూరప్రయాణాన్ని తట్టుకోలేవు. బొమ్మ అక్కడినుంచి వాల్‌పేపర్ల గ్యాలరీకి, అక్కడినుంచి పింటరెస్టుకు, అక్కడినుంచి వాట్సాప్ ముఖచిత్రానికి చేరేలోగా, తోవలో ఎక్కడో ఒకచోట పేరు జారిపోతుంది. చేరిన ప్రతిచోటా దాన్ని మళ్ళీ కుదించి దాస్తారు కాబట్టి అంచుల్లో గళ్ళు గళ్ళుగా మసక కమ్ముకుంటుంది. కొందరు దాన్ని జేపెగ్ దోషమంటారు. నేను దాన్ని ప్రాచీనత అంటాను. మసక మరీ ఎక్కువైతే 2015లో వచ్చిన వైఫు2ఎక్స్ అనే ఉపకరణంతో రెట్టింపు పెద్దదిగా, నున్నగా చేసి 'అసలు ప్రతి' అన్న పేరుతో మళ్ళీ పెడతాను. చూసినవారు కింద 'సాస్?' అని అడుగుతుంటారు. 'సోర్స్', అంటే మూలం ఎక్కడ అన్నది వారి ప్రశ్న, పలుకుబడిలో అది సాస్ అయింది. బజ్జీల బండి దగ్గర తప్ప మరెక్కడా సాస్ అడగడం మర్యాద కాదని నా అభిప్రాయం.

సంతకం సంగతికి వస్తే, ఇందులో తప్పంతా చిత్రకారులదే. మన వేమన్నను చూడండి. 'విశ్వదాభిరామ వినురవేమ' అన్న మకుటాన్ని పద్యం చివరి పాదంలో గట్టిగా బిగించాడు. దాన్ని కత్తిరిస్తే పద్యం కుంటిదవుతుంది, అందుకే ఇన్ని వందల ఏళ్ళుగా ఎవరూ ఆ సాహసం చేయలేదు. జపాన్ చిత్రకారులకు ఈ మకుట విద్య తెలియదు. కుడిచేతి అడుగుమూలన, చీమ తలకాయంత అక్షరాల్లో పేరు రాసి ఊరుకుంటారు. చిత్రాన్ని ఫోను తెరకు సరిపడేలా సర్దేటప్పుడు ఆ మూల పోవడంలో దురుద్దేశం వెతకడం భావ్యం కాదు. వారి అనుభవం నుంచి నేర్చుకుని నేను మాత్రం నా పేరుముద్ర అయిన వాటర్‌మార్కును సరిగ్గా బొమ్మ నడిమధ్యన, అమ్మాయి ముఖం మీదుగా ఏటవాలుగా వేస్తున్నాను.

వేమన పేరు ఎత్తాక బ్రౌన్ దొరను తలచుకోకుండా ఉండలేను. ఆయన సొంత డబ్బుతో పండితులను పోషించి, తాళపత్రాలు వెతికించి, పాఠాంతరాలు సరిచూసి 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. తెలుగుజాతి నేటికీ ఆయన్ను పూజిస్తోంది. ఆయన ఒక్కో పద్యానికి పాఠాంతరాలు కూర్చినట్టే నేనూ ఒక్కో చిత్రానికి మూడేసి రిజల్యూషన్లు కూర్చాను. మా ఇద్దరికీ ఉన్న తేడా ఒక్కటే. ఆయన ఆ పద్యాల మీద వేమన పేరు ఉండనిచ్చాడు.

జపాన్ చిత్రకారుల పిక్సివ్ పరిచయాల్లో తరచుగా కనిపించే ఒక మాట ఉంది: 'ముదన్ తెన్‌సాయ్ కిన్‌షి.' అనుమతి లేకుండా తెచ్చి మరోచోట పెట్టడం నిషిద్ధమని దాని అర్థమట. నేను ఈ మాటను లోతుగా పరిశీలించాను. తెన్‌సాయ్ అన్న ఉచ్చారణకు జపనీ భాషలో ఆ అర్థమే కాక, వేరే లిపిచిహ్నాలతో రాస్తే మహామేధావి అనీ, ప్రకృతి వైపరీత్యం అనీ కూడా అర్థాలున్నాయి. నేను రెండో అర్థాన్నే తీసుకుంటున్నాను. మూడోది నాకు వర్తిస్తుందని కొందరు చిత్రకారులు అంటున్నట్టు వినికిడి. అంతటితో ఆగకుండా పిక్సివ్‌వారు తమ బొమ్మను బయటి పేజీనుంచి నేరుగా పిలిస్తే రాకుండా తలుపు వేశారు. దానివల్ల మాకు కలిగిన కష్టమల్లా ఏమిటంటే, లంకె ఇచ్చి సరిపెట్టుకోవలసినచోట బొమ్మనే దించుకుని మళ్ళీ ఎక్కించవలసి వస్తోంది. ఎవరి అతిజాగ్రత్త ఎవరిని దొంగను చేసిందో పాఠకులే నిర్ణయించాలి.

ఒకసారి అటువంటి చిత్రకారిణి ఒకరు నాకు నేరుగా ఉత్తరం రాశారు. అనువాద యంత్రం గుండా వచ్చిన ఆ ఉత్తరంలో మొదటి మూడు వాక్యాలూ క్షమాపణలే. హఠాత్తుగా రాస్తున్నందుకు మన్నించమని, తీరిక లేని సమయంలో ఇబ్బంది పెడుతున్నందుకు చింతిస్తున్నానని, తన చిత్రాన్ని ఇష్టపడినందుకు ఎంతో కృతజ్ఞురాలినని రాసి, చిట్టచివర, వీలైతే దాన్ని తొలగించగలరా అని అడిగారు. ఇంత మర్యాదగా అడిగితే ఆ కోరికలో బలమున్నట్టు ఎవరికైనా ఎలా తోస్తుంది? మీ బొమ్మకు ఉచితంగా ప్రచారం కల్పిస్తున్నాము, సంతోషించవలసింది పోయి ఈ పట్టింపు ఏమిటని నేను కూడా అంతే మర్యాదగా జవాబిచ్చాను. ఆమె మరోసారి క్షమాపణ చెప్పి, తన గ్యాలరీ మొత్తాన్ని మూసుకున్నారు. ఆమె చిత్రాలు ఇప్పుడు నా దగ్గర తప్ప దొరకడం కష్టం. కళను కాపాడడమంటే ఇదే.

నా వాదనలో అన్నిటికంటే బలమైన అస్త్రాన్ని ఇప్పుడు తీస్తున్నాను. ఈ చిత్రకారులు గీస్తున్నదైనా వారి సొంత పాత్రలనా? చాలామంది పేరుమోసిన మాంగాల్లోని, అంటే జపాన్ బొమ్మల కథల్లోని, యానిమేల్లోని పాత్రలనే గీస్తారు. 1975 డిసెంబరులో టోక్యోలో 32 బృందాలు, ఏడు వందల మంది సందర్శకులతో మొదలైన కామికెట్ సంత, నేడు టోక్యో బిగ్ సైట్‌లో ఏటా రెండుసార్లు జనసముద్రంగా సాగుతోంది. అక్కడ అమ్ముడయ్యే దోజిన్‌షి అనే సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకాల్లో ఎన్నో పరాయి పాత్రలతో అల్లినవే. హక్కుదారులైన ప్రచురణ సంస్థలు చాలావరకు చూసీచూడనట్టు ఊరుకుంటాయి. కాబట్టి వారు కంపెనీ నుంచి తీసుకున్నారు, నేను వారి నుంచి తీసుకున్నాను, లెక్క సరిపోయింది. వారు తీసుకున్నదానికి రాత్రంతా కూర్చుని సొంత గీత, సొంత రంగు, సొంత వెలుగునీడ కలిపారు కదా అని మా మేనకోడలు మధ్యలో అడ్డుతగిలింది. నేను మాత్రం కలపలేదా? వాటర్‌మార్కు కలిపాను.

ఇక 2022 అక్టోబరులో మా చరిత్రలోనే గొప్ప ఘట్టం జరిగింది. మాటలు రాసిస్తే యానిమే బొమ్మలు గీసిపెట్టే నావెల్ ఏఐ అనే యంత్రం వచ్చింది, అది డాన్‌బూరులోని చిత్రాలతో, వాటికి తగిలించిన ట్యాగులతోనే విద్య నేర్చుకుంది. వెర్రి వెంట్రుక ఎలా ఉంటుందో యంత్రానికి చెప్పినది ఏ ఆచార్యుడో కాదు, జీతం భత్యం లేకుండా ఏళ్ళ తరబడి ట్యాగులు తగిలించిన మావంటివారే. ఇందులో విచిత్రం ఏమిటంటే, పేరు రాయకుండా పోయిన చిత్రకారులకంటే, పేరు శ్రద్ధగా రాయించుకున్న చిత్రకారులకే ఎక్కువ నష్టం జరిగింది. ఎందుకంటే ట్యాగుల్లో పేరున్నవారి శైలిని పేరు పెట్టి మరీ పిలిచి గీయించుకోవచ్చు. నేను పేర్లు చెరిపేసి వారికి ఎంత మేలు చేశానో చూశారా? ఒక్కరైనా ధన్యవాదాలు చెప్పారా? ఆ నెలలోనే పిక్సివ్‌వారు యంత్రం గీసిన బొమ్మలకు ఆ విషయం తప్పక గుర్తుగా పెట్టాలని నియమం తెచ్చారు. జపాన్ కాపీరైటు చట్టమైతే 2019 నుంచే యంత్రాల విశ్లేషణ కోసం కృతులను వాడుకోవడానికి విశాలంగా తలుపు తెరిచి ఉంచింది. ఇన్ని జరిగినా నా ట్యాగులకు రావలసిన వాటా గురించి ఏ చట్టమూ మాట్లాడకపోవడం నన్ను కలచివేస్తోంది.

కాని అంతకుమించిన దారుణం పోయిన మంగళవారం జరిగింది. నా 42,000 చిత్రాల సంకలనమంతా, పదమూడేళ్ళ కష్టార్జితమంతా, నా వరుస సంఖ్యలతో సహా, నాకు ముక్కూ మొగమూ తెలియని ఒక గ్యాలరీలో ప్రత్యక్షమైంది. ముఖాల మీది నా వాటర్‌మార్కును ఏదో ఉపకరణంతో నున్నగా తుడిచేశారు. కింద 'సేకరణ: ఇంటర్నెట్' అని రాశారు. అడగలేదు, చెప్పలేదు. ఒకరి శ్రమను ఒక్క మాటైనా అడగకుండా ఎత్తుకుపోయే మనుషులు ఈ లోకంలో ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లవారేలోగా ఎంతో సంయమనం పాటించి, వీలైతే తొలగించగలరా అని వారికి ఉత్తరం రాశాను. మీ సేకరణకు ఉచితంగా ప్రచారం కల్పిస్తున్నాము, సంతోషించండి అని జవాబు వచ్చింది. ఆ వాక్యం ఎక్కడో చదివినట్టు అనిపించింది కాని ఎక్కడో గుర్తుకు రాలేదు.

చివరికి ఆ గ్యాలరీవారి ఫిర్యాదు పత్రం నింపడానికి కూర్చున్నాను. నా పేరు, చిరునామా, నష్టం వివరాలు రెండు పేజీలకు తగ్గకుండా రాశాను. ఐదో గడిలో, తప్పనిసరి అన్న ఎర్ర చుక్కతో, మూలచిత్రాలు గీసిన వారి పేర్లు అడుగుతున్నారు. అక్కడ 'గూగుల్' అని రాస్తే పత్రం ఒప్పుకోవడం లేదు.