శ్రీ ‘షరతులు వర్తిస్తాయి’ గారికి

అయ్యా,

ఇంటిపేరు షరతులు, అసలు పేరు వర్తిస్తాయి. నివాసం బ్రోచర్ చివరి పేజీ అడుగున, నక్షత్రం గుర్తు పక్కన. గడ్డిలో గంతులేసే కుక్కపిల్లని మొదటి పేజీలో నిలబెట్టి, మీరు మాత్రం వెనక నక్కారు.

మా కుక్క బుజ్జిగాడికి ఇన్సూరెన్స్ చేద్దామని మూడు రాత్రులుగా మీతోనే కాపురం. వాడికి ఆరేళ్ళు. మా కంటికి ఇంకా కుర్రాడే, మీ ప్రీమియం పట్టికలో మాత్రం పెద్దమనిషి.

‘ముందే ఉన్న జబ్బు’ దగ్గర మొదలైంది నా టెన్షన్. పాలసీకి ముందు లక్షణం కనిపిస్తే చాలట, డాక్టరు దానికి పేరు పెట్టకపోయినా సరే. రెండేళ్ళ కిందట బుజ్జిగాడి కాల్లో ముల్లు దిగింది. డాక్టరు లాగి పారేసి, ఫైల్లో మాత్రం ‘ఎడమ వెనక కాలు కుంటుతోంది’ అని రాశారు. ముల్లు ఊసే లేదు. ఆ ముక్కే ఇప్పుడు వాడి జాతకం. పైగా మీ ‘రెండు వైపుల’ షరతు ఒకటి. ఎడమ మోకాలికి ముందే తేడా ఉందని తేలితే, రేపు కుడి మోకాలి లిగమెంటు తెగినా పైసా రాదు. ఒక మోకాలు పోయిన కుక్కకి రెండోది కూడా పోయే అవకాశం ఎక్కువేనని డాక్టర్లూ అంటారు, కాబట్టి మీ భయం ఉత్తిది కాదు, ఒప్పుకుంటాను. కానీ ముల్లుకీ లిగమెంటుకీ చుట్టరికం ఎవరు కలిపారు?

పుట్టుకతో వచ్చిన లోపాలు కొన్ని ప్లాన్లలో కవర్ కావు. కుక్క తోక వంకర అని లోకమంతా ఎరిగిందే. దాన్నీ ఫారంలో రాయమంటారా?

ఇక మీ లెక్కలు. రెండు ప్లాన్లలోనూ డిడక్టిబుల్, అంటే మా జేబులోంచే పోయే వాటా, 200, మిగతాదాంట్లో 80 శాతం వాపసు. రెండూ ఒకటే అనుకుని సంబరపడ్డాను. కాగితం తీసి బిల్లు 1000 అని వేసి చూశాను. ముందు 200 తీసేసి, మిగిలిన 800లో 80 శాతం ఇచ్చే ప్లాన్‌లో 640 వస్తుంది. ముందు 80 శాతం లెక్కగట్టి, అందులోంచి 200 తీసే ప్లాన్‌లో 600. మాటలు అవే, అంకెలు అవే, 40 మాత్రం మాయం! మూడో ప్లాన్‌లో డిడక్టిబుల్ ఏడాదికోసారి కాదు, జబ్బుకోసారి. చెవిపోటు, దురద, విరేచనాలు ఒకే ఏడాది వస్తే మూడుసార్లు మేమే కట్టుకోవాలి. కాబట్టి వీలైతే అన్ని రోగాలూ ఒకే రోగంగా తెచ్చుకోమని బుజ్జిగాడికి చెప్పాను. తోక ఊపాడు.

మీ వంశవృక్షం కూడా చూశాను. స్వీడన్‌లో 1924 నుంచే కుక్కలకు పాలసీలున్నాయట. అమెరికాలో 1982లో తొలి పాలసీ టీవీ తార అయిన లాసీ అనే కుక్కకి ఇచ్చారు. అంత పెద్ద తారని ‘ఇదివరకు ఎప్పుడైనా కుంటారా’ అని అడిగారో లేదో!

చివరికి ఒకటి తీసుకున్నాను. ముందు 200 తీసేసేదే. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ ఉన్నా పైసా రాని తొలి గడువు, జబ్బులకు 14 రోజులు, మోకాళ్ళకు ఆరు నెలలు. అప్పటిదాకా బుజ్జిగాడు సోఫా ఎక్కడు, దూకడు, పిల్లుల జోలికి పోడు. ఈ సంగతి పిల్లులకు కూడా తెలియజేయగలరు.

ఇట్లు,
పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసినవాడు

తా.క. నిన్న రాత్రి బుజ్జిగాడు తుమ్మాడు. ఒక్కసారే. ఇంకా పదకొండు రోజులుంది. డాక్టరుకి చూపిస్తే ఫైల్లో రాస్తారు. చూపించకపోతే ‘ఎందుకు చూపించలేదు’ అని మీరు రాస్తారు. ప్రస్తుతానికి వాడి ముక్కు తుడిచి, ఆ గుడ్డ దాచి ఉంచాను.