‘నెలలో 10 కిలోలు’ ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ మెట్రో పిల్లర్ ఫ్లెక్సీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా పిల్లరుకొకరుగా కొలువుదీరి, ‘30 రోజుల్లో 10 కిలోలు తగ్గిస్తాం, గ్యారంటీ’ అని సెలవిస్తున్నారు. శనివారం మధ్యాహ్నమంతా మీ ఉచిత కౌన్సెలింగ్ కుర్చీలకు ధారపోశాక, ఒక ఉత్తరం రాయకపోతే మర్యాదగా ఉండదనిపించింది. రెండు గంటలు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు బరువు చూసి, మిగతాదంతా ఈఎంఐ గురించి చెప్పిన మీ సిబ్బంది ఓపికకు ముందుగా నమస్కారం.

ఇక లెక్కలోకి వద్దాం. కిలో కొవ్వులో ఇంచుమించు 7,700 క్యాలరీలుంటాయి. పది కిలోలకు 77,000. ముప్ఫై రోజులకు పంచితే రోజుకు 2,560 పైచిలుకు. డెబ్భై కిలోల బరువుండి, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఆవిడకు రోజంతా ఖర్చయ్యేది 1,800, మహా అయితే 2,000. అంటే ఆవిడ నెల్లాళ్లూ మంచినీళ్లు మాత్రమే తాగి పడుకున్నా పది కిలోల కొవ్వు కరగదు. కటిక ఉపవాసానికి కూడా లొంగని లెక్కను తమరు చాక్లెట్ వాసనొచ్చే పౌడరు రెండు చెంచాలతో సాధిస్తున్నారు. తమరి ప్రజ్ఞకు జోహార్లు.

“మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గారు కదండీ” అంటారు. తగ్గుతారు. కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ అరకిలో దాకా ఉంటుంది. అందులో ప్రతి గ్రామూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. అన్నం, రొట్టె మానేయగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరు బాత్రూం పాలవుతుంది. ఊరగాయ మానేస్తే ఉప్పు తగ్గి ఇంకాస్త నీరు పోతుంది. కొవ్వు మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే. ఆదివారం బిర్యానీ తింటే సోమవారానికి కిలో తిరిగొచ్చేది కూడా అందుకే. అదీ నీరే.

ఆ నీటికి మీరు బిల్లు వేశారు, పోనీ. ఫొటో తీసి గోడకు అంటించారు, అదీ పోనీ. మూడో వారంలో కాటా కదలనప్పుడు మీ వాళ్లు అడిగే ప్రశ్న ఉంది చూశారూ, “రాత్రి ఏం తిన్నారు మేడమ్? నిజం చెప్పండి” అని, అదే మింగుడుపడటం లేదు. నీరు పోతే నీ మహిమ, కాటా ఆగితే మా నోరా? కాటా ఎందుకు ఆగుతుందో నీకు తెలియదా? ఒళ్లు తేలికైన కొద్దీ ఖర్చు తగ్గుతుంది. ఆకలితో ఉన్న మనిషి తనకు తెలియకుండానే తక్కువ కదులుతుంది, లిఫ్టు ఎక్కుతుంది, కూర్చున్న చోటు నుంచి లేవదు. నెలసరికి ముందు ఒళ్లు నీరు పట్టి కాటా మీద కిలో ఎక్కువే చూపించొచ్చు. ఇవేవీ తప్పులు కావు. ఒళ్లు చేసే పనే అది. దాన్ని దొంగతనంలా నిలదీసి, ఆ సిగ్గు మీదే రెండో ప్యాకేజీ అంటగట్టడం నీ వ్యాపారం.

క్షమించాలి, ఏకవచనం దొర్లింది.

‘ముందు’ ఫొటోలో పొట్ట వదిలేసి, ‘తర్వాత’ ఫొటోలో బిగబట్టి నిలబడ్డ మహానుభావులకు అభినందనలు. చెమట పట్టించే బెల్టు తగ్గించేది నీటి బరువే, దాన్ని రెండు గ్లాసుల మజ్జిగ పూడ్చేస్తుందని కూడా మనవి.

మెట్రో దాకా వచ్చారు కనుక తార్నాకలో దిగి చూడండి. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకొచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉందక్కడ. వారానికి అరకిలో తగ్గితే క్షేమం, బరువు తగ్గాలన్నా రోజు తిండి వెయ్యి క్యాలరీలకన్నా కిందికి దిగకూడదు అని వాళ్ల మార్గదర్శకాల్లో ఉంది. దానికి ఫ్లెక్సీ వేయరు, అదొక్కటే వాళ్ల లోపం.

వారానికి అరకిలో అంటే రోజుకు 500 పైచిలుకు క్యాలరీల లోటు. వండిన అన్నం 150 గ్రాములు తగ్గిస్తే 195. కూరలో తన వాటా నూనె రెండు చిన్న చెంచాలు తగ్గితే 90. రెండు టీల్లో రెండేసి చెంచాల చక్కెర మానేస్తే 80 (ఇరానీ చాయ్‌లో ముందే కలిపేస్తారు కాబట్టి అది ఆ టీకే సెలవివ్వడం). అరగంట జోరు నడకకు 120 చిల్లర. దాదాపు సరిపోయింది. పౌడరు డబ్బా ఎక్కడా కనపడలేదు, గమనించగలరు. మిగిలిన తిండిలో పప్పు, గుడ్లు, పెరుగు వాటా పెరగాలి. డెబ్భై కిలోల మనిషికి బరువు తగ్గేటప్పుడు రోజుకు 70 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటే మంచిది, ఒక గుడ్డులో ఆరే ఉంటుంది. అది అందక, వారానికి రెండుసార్లయినా బరువులు ఎత్తక తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది.

కాగితం మీద పది కిలోలకు ఐదు నెలలు పడుతుంది. బయట ఆరో ఏడో అవుతుంది. అంతదాకా ఆగక్కర్లేదు, 80 కిలోల మనిషి నాలుగు తగ్గినా షుగరు, బీపీ లెక్కల్లో తేడా కనపడటం మొదలవుతుంది. కాటా పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు ఎక్కాలి. ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకుండా వారం సగటు చూసుకోవాలి. మీరేమో సాయంత్రం నాలుగింటికి, చెప్పులతో, భోజనం మీద ఎక్కించారు. మొదటి రోజు ఎక్కువ రావడమే మీకు లాభం కదా!

ఇక మర్యాద చాలు. నీ ఫారంలో ఆధార్ నంబరుకు గడి ఉంది. పెళ్లి రోజుకు గడి ఉంది. షుగరు మాత్రలు వాడుతున్నారా అన్న గడి లేదు. ఇన్సులిన్ తీసుకునే మనిషికో, గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర మింగే మనిషికో మందు మోతాదు మార్చకుండా 800 క్యాలరీల డైట్ చార్టు చేతిలో పెడితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఏ సిగ్నల్ దగ్గరో బండి మీద కళ్లు తిరగొచ్చు. అంత తక్కువ తిండి డాక్టరు కనిపెట్టుకుని ఉండగా చేసే వైద్యం, ఇన్సెంటివ్ కోసం అమ్మే సరుకు కాదు. వారానికి కిలోన్నర మించి కరిగితే పిత్తాశయంలో రాళ్లు పడే ముప్పు పెరుగుతుంది. రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టొస్తుంది. అప్పటికి ప్యాకేజీ ముగుస్తుంది, నువ్వు వేరే పిల్లరెక్కి ఉంటావు.

ఆ గడి ముద్రించు. ఈ నెలలోనే. గ్యారంటీగా.

ఇట్లు,
వారానికి అరకిలో చాలనుకునే ఒక మెట్రో ప్రయాణికురాలు

తా.క.: ‘ఈ రోజే ఆఖరు’ అన్న ఆఫర్ గురించి మీ టెలికాలర్ అమ్మాయి ఆదివారం, సోమవారం, మంగళవారం కూడా ఫోన్ చేసింది. ఆ పిల్ల గొంతులో ఆకలి వినిపిస్తోంది, ముందు ఆమెను టైముకు భోజనానికి పంపండి.