చేప పిల్లలు పెరిగాయి, మీరు వేసే చిటికెడు పెరిగిందా?

"రెండు నెలలైంది, పిల్లలు గోరంత కూడా దాటలేదు, జాతి మంచిది కాదేమో" అని ఎవరైనా రాసినప్పుడల్లా నాకు బాధా కోపం రెండూ కలిసి వస్తాయి. జాతిని తప్పుపట్టే ముందు ఒక్కసారి మేత డబ్బా చూడండి. మొదటి వారం వేసిన చిటికెడే ఈ రోజూ వేస్తున్నారు కదా?

లెక్క చూద్దాం. తొట్టిలో 200 గోల్డ్ ఫిష్ పిల్లలు ఉన్నాయనుకోండి, ఒక్కొక్కటి 0.1 గ్రాము. మొత్తం 20 గ్రాములు. ఆ వయసులో రోజుకు ఒంటి బరువులో 10 శాతం పొడి మేత అనుకుంటే 2 గ్రాములు. అవే పిల్లలు 0.5 గ్రాముకు వస్తే తొట్టిలో ఉన్నది 100 గ్రాముల చేప. ఇప్పుడా 2 గ్రాములు 2 శాతమే. ఎదిగిన చేపకు అది చాలు. పిల్లకు చాలదు. ఈదడానికి, ఊపిరి తీయడానికి, ఒంటిని నిలబెట్టుకోవడానికి ఖర్చయ్యాక మిగిలిన దానితోనే అది పెరగాలి, మీరు ఏమీ మిగల్చడం లేదు.

"పెరిగేకొద్దీ మేత తగ్గించమన్నారు" అని వాదిస్తారు. తగ్గించమన్నది శాతాన్ని! 10 నుంచి 6 శాతానికి దించినా, 100 గ్రాముల చేపకు 6 గ్రాములు వేయాలి. శాతం దిగుతుంది, గ్రాములు ఎక్కుతాయి. ఈ ఒక్క ముక్క అర్థం కాక ఎన్ని తొట్లలో పిల్లలు గిడసబారిపోతున్నాయో!

ఇక రెండో తప్పు. అది నేనే చేశాను. ఏంజెల్ ఫిష్ పిల్లలు ఎదగడం లేదన్న ఆత్రంతో ఒక సాయంత్రం నాలుగింతల మేత ఒకేసారి వేశాను. తెల్లారేసరికి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సగానికి పైగా పోయాయి. ఆ ఉదయం ఇప్పటికీ మరవలేను. తినని మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, తిన్న మేతలోంచీ చేప మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతుంది. నీటి పీహెచ్, వేడి పెరిగితే అందులో విషపు భాగం ఇంకా పెరుగుతుంది. అందుకే మేత పెంచే ప్రతిసారీ నీటి మార్పునూ పెంచాలి. ఫిల్టర్ మోయలేని మేత పిల్లలకు ఎక్కువే.

పైగా గోల్డ్ ఫిష్‌కు, కోయికి (రంగుల కార్ప్ చేప) జీర్ణాశయమే లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, దాచుకునే చోటు లేదు. రోజు మేతను ఐదారు విడతలుగా పంచి వేస్తే ఒంటికి పడుతుంది, ఒకేసారి కుమ్మరిస్తే చాలా మటుకు నీళ్లపాలే. తక్కువ వేసినా ఇంకో నష్టం ఉంది: బలమైనవి ముందు తినేస్తాయి, చిన్నవి వెనకబడతాయి, వారం వారం ఆ తేడా పెరుగుతుంది. పరిమాణాన్ని బట్టి వేరు చేయకపోతే చిన్నవి ఇక కోలుకోవు.

ఆర్టీమియా (చేప పిల్లలకు మేతగా వేసే ఉప్పునీటి బుల్లి జీవి) వేసేవారికి ఒక మాట. బతికున్న మేతలో ఎక్కువ భాగం నీరే, కాబట్టి 2 గ్రాముల ఆర్టీమియా 2 గ్రాముల పొడి మేతకు సమానం కాదు. అవి గుడ్లలోంచి బయటికి వచ్చిన రోజే వేయండి, ఆలస్యమైతే వాటిలోని పచ్చసొన కరిగి బలం తగ్గుతుంది.

మేత పెంచితే పెరుగుదల కొంతవరకు చకచకా పెరుగుతుంది, తర్వాత ఆగిపోతుంది, ఆపై వేసినదంతా నీటిని పాడుచేయడానికే. మీ తొట్టిలో ఆ హద్దు ఎక్కడుందో త్రాసే చెబుతుంది. నీళ్లున్న గిన్నెను తూచి, 20 పిల్లలను వలతో తీసి, నీరు కాస్త కారిపోయాక అందులో వేసి మళ్లీ తూచండి. తేడాను 20తో భాగించండి. వారానికొకసారి చేసి, ఆ బరువును బట్టి మేత మార్చండి. తూచేది చిన్న ప్రాణులను, చేయి తేలిగ్గా ఉండాలి.

ఇకపై "పిల్లలు పెరగడం లేదు" అని ఫొటో పెట్టేవారు దాంతోపాటు ఎన్ని పిల్లలు, సగటు బరువెంత, రోజుకు ఎన్ని గ్రాములు, ఎన్ని విడతలు అన్నది కూడా రాయండి. తప్పకుండా కూర్చుని లెక్క వేసి చెబుతాను.