వణికే మణికట్టు పక్షాన ఒక వినతి

పెళ్లి వీడియో ఊగిపోతే ఆ నేరం వీడియో తీసినవాడి మణికట్టుదేనని మన సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ తీర్మానాన్ని నేను గౌరవిస్తున్నాను. కెమెరా పట్టిన వ్యక్తి నిలబడిన తీరు, ఊపిరి పీల్చిన తీరు, మండపం చుట్టూ పరుగులు తీసిన తీరు, ఏమీ తోచనప్పుడల్లా జూమ్ నొక్కిన తీరు, ఇవన్నీ ఆయన వ్యక్తిత్వానికి సంబంధించిన విషయాలు గనుక వాటి జోలికి పోవడం మర్యాద కాదు. మణికట్టుకు వ్యక్తిత్వం లేదు, యూనియన్ అంతకన్నా లేదు, కాబట్టి దాన్ని బోనులో నిలబెడితే ఎవరి మనసూ నొచ్చుకోదు. దోషి దొరికాక సంకెల కావాలి కదా. ఆ సంకెలనే బజారులో రిస్ట్ సపోర్ట్ అన్న పేరుతో, వెల్‌క్రో పట్టీతో సహా అమ్ముతున్నారు.

ఆరోపణకు శాస్త్రాధారాలు లేకపోలేదు. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉన్నాయి, అది పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ వంగగలదు, కాబట్టి కుట్రకు అవకాశం పుష్కలంగా ఉంది. పూర్తి ఆరోగ్యంతో ఉన్న మనిషి చెయ్యి కూడా చాచి పట్టుకుంటే సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఈ వణుకు భయం వల్ల వచ్చేది కాదు, ముసలితనం వల్ల వచ్చేది కాదు, తెల్లవారుజామున ముహూర్తం పెట్టినందువల్ల వచ్చేదీ కాదు, అది వేరే వణుకు. విడిదింటి కాఫీ మాత్రం దీన్ని కాస్త పెంచుతుంది. విశాలంగా చూపే వైడ్ లెన్సు ఈ లోపాన్ని దయతో కప్పిపుచ్చుతుంది గానీ, దూరాన్ని దగ్గర చేసి చూపే 200 మిల్లీమీటర్ల లెన్సు మాత్రం ఆడపెళ్లివారి లోటుపాట్లను మగపెళ్లివారు చూసినట్టు పెద్దవి చేసి చూపిస్తుంది. అందుకే అంత పొడవు లెన్సు వాడేటప్పుడు షట్టర్ 1/200 సెకను కన్నా నెమ్మదిగా ఉండకూడదని ఫోటోగ్రాఫర్లు తరాలుగా ఒక లెక్క చెప్పుకుంటూ వచ్చారు. ఫోటోకు ఆ లెక్క సరిపోవచ్చు, వీడియోకు సరిపోదు; విడివిడిగా ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము స్పష్టంగానే ఉన్నా, వరుసగా చూసేటప్పటికి మండపం అరటిచెట్లతో సహా ఊగుతుంది.

ఇక పరికరం సంగతి. గుప్పిట పట్టుకోవడానికి ఒక పిడి, దాని నెత్తిన కెమెరా అడుగున బిగించే పావు అంగుళం మర, పిడి నుంచి వెనక్కి మోచేతి వైపు సాగిన ఒక కమ్మీ, ఆ కమ్మీ చివర ముంజేతిని ఆనుకునే వంపు తిరిగిన రేకు, దాన్ని చేతికి బిగించే పట్టీ, మొత్తం నిర్మాణం ఇంతే. మామూలుగా కెమెరా బరువు ముందుకు వాలబోతుంటే మణికట్టు కండరాలు ఒంటరిగా దాన్ని వెనక్కి లాగుతూ అలసిపోతాయి. కమ్మీ ఉన్నప్పుడు ఆ లాగుడులో పెద్ద భాగం ముంజేతి ఎముకల మీద పడుతుంది. కమ్మీ ఎంత పొడవుంటే అంత తక్కువ బలంతో పని జరుగుతుంది. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. రబ్బరు ఉండేలుకు మణికట్టు ఆసరా బిగించి అమెరికాలో 1950లలోనే అమ్మారు. పిట్టను గురి చూసి కొట్టడానికి పుట్టిన యంత్రాంగం ఇప్పుడు పెళ్లికూతురిని గురి చూసి తీయడానికి వచ్చింది, అంతే తేడా.

ఈ పరికరం తొడుక్కున్న మనిషికి వచ్చే గాంభీర్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. వట్టి చేతులతో కెమెరా పట్టినవాడిని బంధువులు 'బాబూ, కాస్త పక్కకు జరుగు' అంటారు. ముంజేతికి నల్లని రేకు, పట్టీ కట్టుకుని వచ్చినవాడిని 'అయ్యో, చేతికేమైంది నాయనా, ఎక్కడ పడ్డావు' అని అడిగి, కుర్చీ వేసి, ముందు బంతిలో భోజనం పెడతారు. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కట్టే కట్టుకూ దీనికీ తేడా కనిపెట్టగల మేనత్త తెలుగునాట ఇంకా పుట్టలేదు. ఈ ఒక్క ప్రయోజనానికే దాని ఖరీదు గిట్టుబాటవుతుందని నా నిశ్చితాభిప్రాయం.

అయితే కొందరు ఛాందసులు ఇంకా పాత పద్ధతినే పట్టుకుని వేలాడుతున్నారు. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించాలట, ఎడమ అరచేతిని లెన్సు కింద పెట్టి బరువు మొయ్యాలట, కాళ్లు కాస్త ఎడంగా ఉంచాలట, మెడలోని పట్టీని బిగువుగా సాగదీసి పట్టాలట, దగ్గరలో స్తంభం ఉంటే దానికి భుజం ఆనించాలట. ఇవన్నీ చేస్తే ఏ ఆసరా అక్కర్లేకుండానే దృశ్యం చాలావరకు కుదురుగా వస్తుందన్నది నిజమే, నేను కాదనను. కానీ ఈ పద్ధతిలో ఒక ఘోరమైన లోపం ఉంది: దీనికి బిల్లు రాదు. బిల్లు రానిదాన్ని కొటేషన్‌లో చూపించలేము. పెళ్లివారికి ఇచ్చే ప్యాకేజీ కాగితంలో డ్రోన్, క్యాండిడ్, సినిమాటిక్ టీజర్, ఎల్‌ఈడీ తెర అన్న వరుస కింద 'మోచేతులు పక్కటెముకలకు ఆనించబడును' అని ఏ స్టూడియో రాసుకోగలదు? రాసుకున్నా, పెళ్లికూతురి తండ్రి దానికి ఎంత తగ్గిస్తారని అడగడా?

పైగా కొత్త పరికరం ఎడమ చేతికి విముక్తి ప్రసాదించింది. లెన్సు కింద దశాబ్దాల తరబడి వెట్టిచాకిరీ చేసిన ఆ చెయ్యి ఇప్పుడు స్వతంత్రురాలు. 'జరగండి సార్, జరగండి' అని సైగ చేయడానికి, పురోహితుడిని తాళి మరొక్కసారి పైకెత్తి చూపించమనడానికి, పెళ్లికొడుకు గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పడానికి, మధ్యలో ఫోనెత్తి 'ఆఁ, ఇక్కడ తలంబ్రాలు అవుతున్నాయి, రేపటి నిశ్చితార్థానికి వస్తాను' అని మాట్లాడటానికి అది నిరంతరం అందుబాటులో ఉంటుంది. రెండు చేతుల పట్టులో కెమెరాకు దొరికే నిలకడ ఒంటిచేతి ఆసరాలో దొరకదని గిట్టనివాళ్లు అంటారు. వాళ్లన్నది కొలిచి చూస్తే నిజమే కావచ్చు, కానీ ఒక స్వాతంత్ర్య పోరాటాన్ని కొలతలతో అవమానించకూడదు.

చారిత్రక కట్టడాల దగ్గర ఈ ఆసరా విలువ మరింత పెరుగుతుంది. గోల్కొండ, చార్మినార్, లేపాక్షి వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల ట్రైపాడ్, అంటే మూడు కాళ్ల స్టాండు, నిలబెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. ముంజేతికి కట్టుకున్నది ట్రైపాడా కాదా అని గేటు దగ్గర కాపలాదారు తలపట్టుకుంటాడు. దానికి కాళ్లు లేవు గనుక కాదనాలి. తొడుక్కున్న మనిషికి రెండు కాళ్లున్నాయి, అతను స్తంభానికి ఆనుకుంటే మూడోది కూడా సమకూరుతుంది గనుక అవుననాలి. ఈ ధర్మసందేహం తీర్చడానికి ఉన్నతస్థాయి సంఘం వేయాలని, అంతవరకు ప్రీ-వెడ్డింగ్ షూట్‌కు వచ్చిన జంటలను స్తంభాలకు దూరంగా నిలబెట్టాలని మనవి.

బరువు విషయంలోనూ మన ప్రగతి మెచ్చుకోదగినదే. ఒకప్పటి వీహెచ్‌ఎస్ కెమెరాలు భుజం మీద పెట్టుకునేంత పెద్దవి, పక్కన లైటు పట్టుకోవడానికి ఒక కుర్రాడు కూడా ఉండాల్సిన సరంజామా. అంత బరువును చిన్నపాటి వణుకు కదిలించలేదు గనుక, భుజం వాచినా బొమ్మ కుదురుగా ఉండేది. తర్వాత కెమెరా ఎంత తేలికైతే అంత గొప్పదని చెప్పి బరువు తగ్గించారు, తగ్గించినందుకు ధర పెంచారు. తేలికైన కెమెరా ప్రతి చిన్న వణుకుకూ స్పందిస్తోందని తెలిశాక, దానికి పిడి, రేకు, కమ్మీ, అడుగున ఒక ఇనుప దిమ్మ తగిలించి, పోయిన బరువును విడిగా కొనిపిస్తున్నారు. ఒకే బరువుకు, తీసేటప్పుడు ఒకసారీ పెట్టేటప్పుడు ఒకసారీ డబ్బు వసూలు చేయగలగడం వ్యాపార మేధస్సుకు పరాకాష్ఠ.

ఇక్కడ గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడి గురించి ఒక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే ఆయన ఈ మొత్తం సిద్ధాంతానికే ద్రోహం చేశాడు. 1970లలో ఆయన రూపొందించిన స్టెడీక్యామ్ అనే కెమెరా నిలకడ పరికరం 1976 నుంచి సినిమాల్లో కనిపించింది, మన దగ్గర 1989 నాటి 'శివ'లో దాన్ని వాడారు. అందులో కెమెరాను చేతికి బిగించలేదు సరికదా, చేతి నుంచి విడదీశారు. బరువును స్ప్రింగుల చెయ్యి ద్వారా ఒంటికి తొడిగిన జాకెట్టు మీదికి, అక్కడి నుంచి నడుము మీదికి పంపి, కెమెరా అమర్చిన స్తంభాన్ని వేళ్లతో మెల్లగా తాకి తిప్పేటట్టు చేశారు. మన ఆసరా చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం: అది కెమెరానూ ముంజేతినీ ఏకశరీరం చేస్తుంది. మణికట్టు నోరు నొక్కేసింది గనుక ఇకపై మోచేయి ఏమంటే కెమెరా అదే అంటుంది, భుజం ఎటు ఒరిగితే అటే ఒరుగుతుంది, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పైకి లేస్తుంది, అడుగు వేసినప్పుడల్లా కిందికి దిగుతుంది. ఇంతమంది దోషులు బయటపడటం పరికరం లోపం కాదు, దర్యాప్తు పురోగతి. మోచేతికి, భుజానికి, ఛాతీకి తగిన సంకెళ్లు కూడా బజారులో సిద్ధంగా ఉన్నాయి.

ఇవన్నీ తొడిగినా మిగిలిపోయే కదలికను ఎడిటింగ్ గదిలో సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. సరిచేయడమంటే ఊగినంత మేర అంచులను కత్తిరించడమే గనుక, ఫ్రేము చివర నిలబడ్డ మేనమామ కుటుంబం మొత్తం గల్లంతవుతుంది. బుట్టలో పెళ్లికూతురిని తెచ్చిన మేనమామే వీడియోలో లేకపోతే రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయే ప్రమాదం ఉందన్నది వేరే సంగతి. అంతా నిలకడగా వచ్చాక, దృశ్యం మరీ జీవం లేనట్టుందని ఎడిటరుకు తోస్తుంది. అప్పుడు అదే సాఫ్ట్‌వేర్‌లోని మరో మీట నొక్కి కృత్రిమంగా కొంచెం కుదుపు కలిపి, దానికి హ్యాండ్‌హెల్డ్ ఫీల్ అని పేరు పెడతాడు. ఆ కుదుపుకు అదనపు రుసుము వసూలు చేయాలా వద్దా అన్నదే ప్రస్తుతం పరిశ్రమ ముందున్న ప్రశ్న.

అన్నిటికన్నా దుర్మార్గుడు పెళ్లికొడుకు. కెమెరా ఎంత కుదురుగా ఉన్నా మూడు ముళ్లు వేసే అతని చేతుల వణుకును ఏ ఆసరా ఆపలేదు, పైగా చుట్టుపక్కల అంతా నిశ్చలంగా ఉండటంతో అది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. వరుడికి కూడా రెండు మణికట్లకూ ఆసరాలు కట్టించడం శాస్త్రసమ్మతమేనా అని పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

ఇలాంటి అనర్థాల కోసమే అనుభవజ్ఞులైన స్టూడియోలవాళ్లు మండపానికి ఎదురుగా ఒక మూల ట్రైపాడ్ మీద ఇంకో కెమెరా పెట్టి వదిలేస్తారు. దానికి పట్టీ లేదు, గాంభీర్యం లేదు, ఎవరూ దాన్ని పలకరించరు. ముహూర్తం తాలూకు దృశ్యానికి ఎడిటరు చివరికి దాన్నే వెతుక్కుంటాడు. రెండు గంటల సేపు ఇసుమంతైనా కదలని ఆ దృశ్యంలో, తాళి కట్టే క్షణాన, పెళ్లికూతురు మెడకు సరిగ్గా అడ్డంగా, ముంజేతికి ఆసరా తొడుక్కున్న వీడియోగ్రాఫర్ వీపు అత్యంత నిలకడగా నమోదై ఉంటుంది.